'చెప్పలేం' గడిలో వాడ: ఒపీనియన్ పోల్స్ మీద ఒక విమర్శ

ఇప్పుడు పార్లమెంటు ఎన్నికలంటే ముందు పోల్, తర్వాత ప్రచారం, చివరికి ఓటు. ఎన్నికల షెడ్యూలు ఇంకా రానే రాదు, ఏ కూటమికి ఎన్ని సీట్లో అంకెలు వచ్చేస్తాయి. స్టూడియోలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఆ అంకెల మీద గంటలకొద్దీ మాట్లాడతారు. ఆ మాటల్లో 'దళితుల ఓటు ఎటు' అన్న ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. మాట్లాడేవాళ్ళలో దళితులుండరు, అది వేరే సంగతి. మన ఓటు ఎటు పోతుందో మనకంటే ముందే వాళ్ళకెట్లా తెలిసింది? అసలు తెలిసిందా?

పోల్స్‌ని విమర్శించేవాళ్ళు మామూలుగా ఒకే మాట అంటారు: 'అవి తప్పు చెబుతాయి.' నిజమే, చెబుతాయి. 2004 మొదట్లో 'ఇండియా షైనింగ్' మోత మోగుతున్నప్పుడు పోల్స్ ఎన్‌డిఎకు సునాయాసంగా మెజారిటీ ఇచ్చాయి. మే నెలలో పెట్టెలు తెరిస్తే కాంగ్రెస్‌కు 145, బిజెపికి 138 వచ్చాయి. మన రాష్ట్రంలోనే ఆ రోజు 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్ 29 గెలిచింది, తెలుగుదేశానికి మిగిలింది 5. 2024 జూన్ 1 సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ ఎన్‌డిఎకు 350 పైన, కొన్నయితే 400 దాకా ఇచ్చాయి. జూన్ 4న తేలింది 293. బిజెపికి సొంతంగా 240.

అయితే 'తప్పు చెప్పారు' అనే విమర్శ దగ్గరే మనం ఆగిపోతే వాళ్ళ పని సులువవుతుంది. 'ఈసారి శాంపిల్ పెంచాం, ఈసారి టాబ్లెట్లు ఇచ్చాం, వచ్చేసారి ఒప్పు చెబుతాం' అంటారు. 1998లోనో 2014లోనో గాలి ఎటు వీస్తుందో దాదాపు సరిగ్గానే చెప్పారు కదా అని కూడా అంటారు. కాబట్టి ప్రశ్న మార్చాలి. పోల్ ఒప్పు చెప్పిన రోజున కూడా వాడ గురించి దానికి తెలిసిందేమిటి? వాడ నోట మాట అది ఏ పరిస్థితిలో తీసుకుంటోంది? నా వాదన ఇంతే: మనకు ఓటు రహస్యం అనేది బతుకుకు సంబంధించిన రక్షణ. ఒపీనియన్ పోల్ ఆ రక్షణను పక్కన పెట్టి జవాబు అడుగుతుంది. వాడ జవాబు చెప్పకపోతే దాన్ని 'చెప్పలేం' అనే గడిలో పడేసి, ఆ గడినే లెక్కలోంచి తీసేస్తుంది.

రహస్యం ఎవరికి కావాలి?

ఊళ్ళో భూమి ఉన్నవాడికి ఓటు రహస్యం పెద్ద విషయం కాదు. వాడు తన పార్టీ జెండాని ఇంటి మీదే ఎగరేసుకుంటాడు. కూలి పని, కౌలు, అప్పు, నీళ్ళు ఇంకొకరి చేతుల్లో ఉన్నవాళ్ళకే రహస్యం కావాలి. కారంచేడు (1985), చుండూరు (1991) చూసిన రాష్ట్రంలో ఈ ముక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. తలెత్తి మాట్లాడితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ మానాలో కూడా నేర్చుకుంటారు.

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ ఓటు రహస్యాన్ని కాపాడే బాధ్యత ఎన్నికల సిబ్బంది మీద పెట్టింది. కాగితం బ్యాలెట్ల కాలంలో ఇంకో జాగ్రత్త ఉండేది. ఓటర్లను బెదిరించే, కక్ష తీర్చుకునే ప్రమాదం ఉందని ఎన్నికల సంఘం అనుకున్న చోట, వేరువేరు బూతుల బ్యాలెట్లను కలగలిపి లెక్కించమని 59ఎ నిబంధన చెప్పేది. ఏ బూతు ఎటు వేసిందో బయటపడకుండా చూడటమే దాని ఉద్దేశం.

2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా ఓటింగు యంత్రాలొచ్చాయి. యంత్రం ఏ బూతుకు ఆ బూతు లెక్క చెబుతుంది. ఫారం 20 తీసి చూస్తే ఏ బూతులో ఎవరికెన్ని వచ్చాయో ఊళ్ళో పెద్దలకు తెలిసిపోతుంది. మాలపల్లె, మాదిగపల్లె ఒకే బూతులో పడ్డచోట మొత్తం వాడ ఓటు బట్టబయలే. కొన్ని యంత్రాలను కలిపి లెక్క చెప్పే 'టోటలైజర్' పెట్టమని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో అదే సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూతువారీ లెక్క తెలిస్తే పార్టీలకు పని సులువు మరి. ఓట్లు పడని వాడకు రోడ్డు ఆపడం కూడా సులువు.

ఓటు వేసిన తర్వాతే ఇంత బట్టబయలైన చోట, ఓటు వేయకముందే ఒకాయన టాబ్లెట్ పట్టుకుని వచ్చి 'మీరు ఎవరికి వేస్తారు?' అంటాడు. ఈ ప్రశ్నను అమాయకమైన ప్రశ్న అనగలమా?

అడిగే చోటు, చెప్పే నోరు

ఎం.ఏ. చదివే రోజుల్లో ఖర్చుల కోసం నేను కూడా ఒక సర్వేకి ఫారాలు నింపాను. ఫారానికింతని డబ్బులు. పేరు అనవసరం, అన్ని చోట్లా పని తీరు అదే. వాడలోకి వెళ్ళగానే పదిమంది మూగుతారు. మంచం వేస్తారు. వాళ్ళలో ఏదో ఒక పార్టీ మనిషి ఉండనే ఉంటాడు, ఒక్కోసారి ఊళ్ళోంచి వచ్చిన ఆసామి కూడా నిలబడి చూస్తుంటాడు. 'ఏ పార్టీకి వేస్తావు పెద్దమ్మా?' అంటే ఆమె మొదట మన మొహం చూడదు, చుట్టూ నిలబడ్డవాళ్ళ మొహాలు చూస్తుంది. 'మాదేవుంది నాయనా, పెద్దోళ్ళు ఎటంటే అటే' అంటుంది. ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. ఉన్నది 'చెప్పలేం' ఒక్కటే.

ఆమెకు తెలియక అన్న మాట కాదది. ఎవరు అడుగుతున్నారో, ఎవరు వింటున్నారో కొలుచుకుని చెప్పిన మాట. పింఛను రాసేది ఎవరు, ఉపాధి హామీ మస్తర్లో పేరు ఎక్కించేది ఎవరు, ఇంటి పట్టా ఎవరి చేతిలో ఉందో లెక్క వేసుకుని చెప్పిన మాట. రాజకీయ శాస్త్రం పుస్తకాల్లో 'రాజకీయ చైతన్యం' అని ఒక అధ్యాయం ఉంటుంది. ఈ లెక్క ఆ చైతన్యంలోకి రాదా? స్టూడియోలో మాత్రం ఆమె 'ఇంకా నిర్ణయించుకోని ఓటరు'. చాలాసార్లు ఇట్లాంటి జవాబులను మొత్తంలోంచి తీసేసి మిగిలినవాటి మీద శాతాలు కడతారు, లేకపోతే చెప్పినవాళ్ళ నిష్పత్తిలోనే పార్టీలకు పంచేస్తారు. చెప్పగలిగినవాడి మాటే చెప్పలేనివాడి మాటగా కూడా లెక్కయిపోతుంది. ఊళ్ళో పంచాయతీలో జరిగేదీ ఇదేగా!

మరి ఫోన్ సర్వేలు? అందులో పదిమంది మూగరు, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? నాట్లకు, మిరపకోతకు పోయిన మనిషి మధ్యాహ్నం పూట తెలియని నంబరు ఎత్తి ఇరవై ప్రశ్నలకు జవాబు చెబుతుందా? 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోను డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాలు పట్టుకుని కార్డులు పంపింది. 20 లక్షల పైగా జవాబులు వచ్చాయి. రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని అంచనా కట్టింది. 48 రాష్ట్రాల్లో 46 ఆయనే గెలిచాడు. ఎంతమందిని అడిగారన్నది కాదు, ఎవరు అందారు, ఎవరు అందలేదన్నదే అసలు లెక్క అని లోకం అప్పుడే నేర్చుకుంది. మనవాళ్ళు ఆ పాఠం బట్టీ పట్టారు గానీ వాడ దాకా తీసుకురాలేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అందరూ ఒకే తీరు కాదు. ఢిల్లీలోని సిఎస్‌డిఎస్ పరిశోధకులు 1967 నుంచి ఎన్నికల అధ్యయనాలు చేస్తున్నారు. వాళ్ళు ఓటర్ల జాబితాలోంచి పేర్లు ఎంపిక చేసి ఇంటికి వెళ్ళి అడుగుతారు. ఓటు ప్రశ్న వచ్చినప్పుడు నమూనా బ్యాలెట్ కాగితం చేతికిచ్చి, గుర్తు పెట్టి డబ్బాలో వేయమంటారు. రహస్యం విలువ తెలిసిన పద్ధతి అది. 1990లలో దళితులు అగ్రకులాలతో సమానంగా, చాలాచోట్ల వాళ్ళకంటే ఎక్కువగా ఓటు వేస్తున్నారని, పేదవాళ్ళే ఈ ప్రజాస్వామ్యాన్ని మోస్తున్నారని అంకెలతో తేల్చింది కూడా ఇట్లాంటి సర్వేలే. 'దళితుల్ని లారీలెక్కించి తోలుకొస్తే ఓట్లేస్తారు' అనేవాళ్ళ నోళ్ళు మూయించడానికి ఆ అంకెలు మనకు పనికొచ్చాయి. కాబట్టి లెక్క పెట్టడమే శత్రువు అని నేను అనడం లేదు. కులగణన కావాలని అడిగేవాళ్ళం లెక్కను కాదని ఎట్లా అంటాం? ఎవరు, ఎట్లా, ఎందుకు లెక్క పెడుతున్నారన్నదే తగాదా.

'ఎస్సీ' అనే ఒకే గడి

ఒక చిన్న లెక్క మనమే వేసుకుందాం. దేశమంతా కలిపి 10,000 మందిని అడిగిన పోల్ ఉందనుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దేశంలో సుమారు 7 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలకు కలిపి 700 మంది వస్తారు. అందులో దళితులు 16 శాతం పైచిలుకు, అంటే దాదాపు 115 మంది. అనంతపురం నుంచి ఆదిలాబాద్ దాకా దళితులందరి తరఫునా 115 మంది! ఇంతమందిని అడిగి చెప్పిన శాతం అటు తొమ్మిది, ఇటు తొమ్మిది పాయింట్లు ఊగే అవకాశం ఉంటుందని గణాంక శాస్త్రమే చెబుతుంది. ఆ 115లో మాల ఎంతమంది, మాదిగ ఎంతమంది, రెల్లి, డక్కలి, మాస్టిన్ అసలున్నారా? ఆడవాళ్ళెందరు? ఇవేవీ అడగకుండానే 'తెలుగు రాష్ట్రాల్లో దళితుల మొగ్గు' అని పటం గీసేస్తారు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా మొదలైన దగ్గర్నుంచీ 'ఎస్సీ' అనేది ఒకే గొంతు కాదని ఈ నేల మీద అందరికీ తెలుసు. వర్గీకరణ చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. అదే 2024లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఈ ప్రశ్న నేరుగా బరిలో ఉంది. అంతకు ముందు నవంబరులో ప్రధాని సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో మాదిగల సభకు వచ్చి కూర్చున్నారు. వాడలో ఒక వీధికీ ఇంకో వీధికీ మధ్య ఇంత రాజకీయం నడుస్తుంటే, దేశవ్యాప్త పోల్ పట్టికలో ఒకటే వరస: ఎస్సీ. ఆ వరస మాలలది కాదు, మాదిగలది కాదు, ఎవరిదీ కాదు.

మతం ప్రశ్న ఇంకా ఇరుకైంది. ఆదివారం చర్చికి వెళ్ళి, సర్టిఫికెట్‌లో హిందువుగా ఉన్న కుటుంబాలు కోస్తా పల్లెల్లో ఎన్ని లేవు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్నవాళ్ళకు ఎస్సీ హోదా లేదంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడైనవాడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పింది. ఇట్లాంటి చోట ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి 'మీ మతం? మీ కులం?' అని రెండు ప్రశ్నలు పక్కపక్కనే అడిగితే, పిల్లల సీటు, ఉద్యోగం గుర్తొచ్చి నోరు తడారిపోతుంది. అక్కడ చెప్పే జవాబు నమ్మకాన్ని కొలవదు, భయాన్ని కొలుస్తుంది. ఆ భయాన్నే తర్వాత 'దళిత హిందూ ఓటు' అని పేరు పెట్టి స్టూడియోలో చూపిస్తారు.

ఓటు సీటుగా మారే చోట

పోల్‌లో దొరికేది ఓట్ల శాతం. జనం చూడాలనుకునేది సీట్లు. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడానికి పాత ఎన్నికల ఫలితాల మీద ఒక ఊపు అంచనా కట్టి, ప్రతిపక్షాలు కలిశాయా విడిపోయాయా చూసి సీట్లు తేలుస్తారు. ఈ లెక్కలో పెద్ద పార్టీలకు చోటు ఉంటుంది. చెల్లాచెదురుగా ఉన్న సమూహాలకు ఉండదు. 2014లో బహుజన సమాజ్ పార్టీకి దేశంలో 4 శాతం పైగా ఓట్లు వచ్చాయి. ఓట్ల లెక్కన దేశంలో మూడో పార్టీ. సీట్లు సున్నా. సీట్ల పట్టిక ఒక్కటే చూసినవాడికి ఆ రెండు కోట్ల పైచిలుకు మనుషులు లేనట్టే.

2024 ఉత్తరప్రదేశ్ చూడండి. 80 సీట్లలో ఎన్‌డిఎకు 60కి పైగా వస్తాయని దాదాపు అందరూ చెప్పారు. తేలిందేమిటి? సమాజ్‌వాదీ 37, బిజెపి 33, కాంగ్రెస్ 6. రామాలయం కట్టిన అయోధ్య ఉన్న ఫైజాబాద్, అదీ జనరల్ సీటులో, పాసీ కులానికి చెందిన అవధేశ్ ప్రసాద్ గెలిచాడు. నగీనాలో చంద్రశేఖర్ ఆజాద్ గెలిచాడు. '400 దాటితే రాజ్యాంగం మారుస్తాం' అన్న మాట ఆ ఏడాది మార్చిలో కర్ణాటక బిజెపి ఎంపీ నోట వచ్చింది. ఆ మాట దళితవాడల్లోకి పోయింది. చదువుకున్న పిల్లలు ఇంట్లోవాళ్ళకు చెప్పారు. రిజర్వేషన్ పోతుందన్న భయం, అంబేద్కర్ రాసింది కొట్టేస్తారన్న కోపం గుమ్మం గుమ్మానికీ తిరిగింది. టీవీ వ్యాన్లకు అది వినపడలేదు. వాడ నోరు విప్పలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకున్నారు. ఓటు రహస్యం అనే రక్షణ ఏం చేయగలదో ఆ రోజు దేశం చూసింది.

ఆ నాలుగు రోజుల్లో ఇంకోటి కూడా చూశాం. ఎగ్జిట్ పోల్స్ తర్వాత జూన్ 3న సెన్సెక్స్ రెండున్నర వేల పాయింట్లు ఎగిసింది. జూన్ 4న నాలుగు వేలకు పైగా పడిపోయింది. పోల్ ఎవరి కోసం తయారవుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. వాడకు తన ఓటు సంగతి తెలుసు, తెలియనిది పార్టీలకు, పెట్టుబడిదారులకు, ప్రకటనలిచ్చేవాళ్ళకు. మన నోటి మాట వాళ్ళకు సరుకు.

ఫారం ఎవరిది, ప్రశ్న ఎవరిది?

ఈ సరుకు తయారీలో పని విభజన కూడా కులం అచ్చులోనే ఉంది. ఎండలో తిరిగి ఫారాలు నింపేది యూనివర్సిటీ హాస్టళ్ళలో ఉండే మన పిల్లలు. ప్రశ్నలు రాసేది, పట్టిక చదివేది, అర్థం చెప్పేది ఇంకొకరు. భారత సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం అగ్రవర్ణాలకీ, సమాచారం మోసే పని కింది కులాలకీ పంచిపెట్టి ఉందని గోపాల్ గురు 2002లోనే వాదించారు. ఒపీనియన్ పోల్ దానికి మంచి ఉదాహరణ. 'ఎవరికి వేస్తారు?' అన్నది పార్టీ ఆఫీసు ప్రశ్న. శ్మశానానికి స్థలం ఎప్పుడిస్తారు, అసైన్డ్ భూమి ఎవరి కింద ఉంది, సబ్ ప్లాన్ డబ్బు ఎటు పోయింది అన్నవి వాడ ప్రశ్నలు. రెండో రకం ప్రశ్నలకు ఏ పోల్‌లోనూ శాతాలు రావు. పార్టీలను ఎంచుకునే హక్కు మనకిచ్చి, ప్రశ్నను ఎంచుకునే హక్కు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు.

మరి నిషేధించాలా? 1998లో ఎన్నికల సంఘం మార్గదర్శకాలతో ఆపాలని చూసింది. 1999 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, వాటిని అమలు చేయించే అధికారం సంఘానికి లేదని తేల్చింది. సంఘం వెనక్కి తీసుకుంది. తర్వాత 2009 సవరణతో వచ్చిన 126ఎ సెక్షన్ పోలింగు ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్‌ని ఆపింది. ఒపీనియన్ పోల్స్‌కు పోలింగు ముందు 48 గంటల అడ్డు ఒక్కటే ఉంది. నిషేధం మాట ఎక్కువగా వినపడేది పోల్‌లో వెనకబడ్డ పార్టీ నోటి నుంచే, ముందున్న రోజు అదే పార్టీ ఆ పోల్‌నే పోస్టర్లేసి తిప్పుతుంది. మనం అడగాల్సింది వేరే.

దళితుల ఓటు మీద శాతం ప్రకటించే ప్రతి సంస్థా కొన్నిటికి జవాబు చెప్పి తీరాలి. ఎంతమంది దళితుల్ని అడిగారు? ఏ కులాలవాళ్ళు, అందులో ఆడవాళ్ళెందరు? వాడలో అడిగారా, ఊళ్ళో అడిగారా, ఫోన్లో అడిగారా? అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు? 'చెప్పలేం' అన్నవాళ్ళెందరు, ఆ జవాబుల్ని ఏం చేశారు? డబ్బు ఎవరిచ్చారు? ఇవి చెప్పని అంకెను సభల్లో, కరపత్రాల్లో మనవాళ్ళు వాడకూడదు, మనకు అనుకూలంగా ఉన్నా సరే. దానితోపాటు టోటలైజర్ డిమాండును మళ్ళీ ముందుకు తేవాలి. పోల్ గురించి మాట్లాడి, బూతు గురించి మాట్లాడకపోతే సగం పనే అవుతుంది.

టీచర్లకు, విద్యార్థులకు ఇంకో మాట. ఎన్నికలప్పుడు ఫారాలు నింపడానికి పిలుస్తారు, డబ్బు అవసరం ఉంటుంది, వెళ్ళండి. వెళ్ళినప్పుడు గడుల్లో పట్టని జవాబుల్ని వేరే నోటు పుస్తకంలో రాసుకోండి. ఊరు పేరొద్దు, మనిషి పేరొద్దు. ఆ మాట ఏ పరిస్థితిలో వచ్చిందో రాయండి. పది జిల్లాల్లో పదిమంది అట్లా రాస్తే, 'చెప్పలేం' అనే గడిలో ఏముందో ఈ దేశంలో మొదటిసారి మనం చెప్పగలుగుతాం. ఆ పని చేయడానికి ఏ సంస్థ అనుమతీ అక్కర్లేదు. వచ్చే లోక్‌సభ ఎన్నికలకు ఇంకా టైముంది, ప్రశ్నలు ఇప్పట్నుంచే రాసుకుందాం.